మూడో నెలలో ఆపేసిన మాత్రలు



ఈ వారం మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు. కొందరికి కోపం రావచ్చు. ముందుగా నా తప్పే చెప్పుకుంటాను, తర్వాత మిగతావారి సంగతి మాట్లాడతాను.

మన సంఘంలో ఒక అబ్బాయికి క్షయ వచ్చింది. పేరు రాయను, మీలో కొందరికి తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు, ఆ తర్వాత నాలుగు నెలలు కొంచెం తగ్గించి ఇస్తారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి కనుక్కొని పోయేది. రెండు నెలలు దాటేసరికి దగ్గు పోయింది, జ్వరం పోయింది, ముఖంలో కళ వచ్చింది. వాళ్లమ్మ సంతోషానికి హద్దు లేదు. అది దేవుని కృపే, కాదనను.

మూడో నెలలో పక్క టౌనులో పెద్ద స్వస్థత కూటం పెట్టారు. మన వాళ్లు రెండు ఆటోలు మాట్లాడుకొని పోయారు. స్టేజీ మీద మాట్లాడినాయన, రోగులందరినీ ముందుకు పిలిచి ప్రార్థన చేసి, ఇక నీకు రోగం లేదు, మాత్రలు పట్టుకొని తిరగడం అవిశ్వాసం అన్నాడట. ఆ అబ్బాయి మాత్రలు అక్కడే పారేసి వచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం అతణ్ణి మన గుడిలో ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించింది నేనే. చప్పట్లు కొట్టించింది నేనే. మందుల సంగతి ఏమైందని ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచింది. కానీ ఆ రోజు గుడి నిండింది, కొత్త ముఖాలు కనిపించాయి, నా నోరు మూసుకుపోయింది.

నాలుగైదు నెలలకు దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి రక్తంతో వచ్చింది. పరీక్ష చేస్తే మొదటి మందులకు లొంగని క్షయ అని తేలింది. ఇప్పుడు వాడుతున్నది ఇంకా బరువైన చికిత్స. వాంతులు, చెవుల్లో హోరు, కాళ్లు మంటలు. ఇంట్లో చిన్నపిల్లకు కూడా పరీక్షలు చేయించాల్సి వచ్చింది. వాళ్లమ్మ ఒకరోజు గుడి మెట్ల మీద కూర్చొని నన్ను అడిగింది.

"అయ్యగారూ, నా విశ్వాసం చాల్లేదా? అందుకేనా బిడ్డకి మళ్లీ వచ్చింది?"

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ప్రార్థన చేసి పంపించేశాను. ఈ రాత ఆమెకు నేను బాకీపడిన జవాబు.

అమ్మా, నీ విశ్వాసం చాలకపోవడం కాదు. నీకు విశ్వాసమంటే ఏమిటో తప్పుగా నేర్పాము. నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

మనం ఏం నేర్పాము? విశ్వాసమంటే ఒక్క రాత్రిలో జరిగే పని అని నేర్పాము. చెయ్యి ఎత్తిన క్షణం, కిందపడిన క్షణం, నూనె రాయించుకున్న క్షణం, అదే విశ్వాసమన్నాము. ఆ క్షణం తర్వాత మొదలయ్యే ప్రతి మంగళవారం, ప్రతి బుధవారం గురించి ఏమీ చెప్పలేదు. ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానం ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. రాతినేల మీద పడిన గింజ అన్నిటికంటే ముందు మొలిచింది. మొలవడంలో దానిదే మొదటి స్థానం. ఎండ కాసేసరికి వేరు లేక మాడిపోయింది. త్వరగా మొలవడాన్ని ప్రభువు ఎక్కడా మెచ్చుకోలేదు. మంచి నేలలో పడిన గింజల గురించి లూకా రాసినచోట, వారు ఓర్పుతో ఫలిస్తారని ఉంటుంది. శనగ వేసే రైతులకు ఇది నేను విడమరచి చెప్పాలా? మామిడి అంటు నాటినవాడు మూడో నెలలో చెట్టు కింద గంప పెట్టుకొని కూర్చుంటాడా? నాలుగైదేళ్లు నీళ్లు పోసి, పశువులు మేయకుండా కంచె కట్టి, పురుగు చూసుకుంటే కదా దామలచెరువు మండీకి ఒక గంప చేరేది.

పుత్తూరు కట్టు మన జిల్లాలో ఎవరికి తెలియదు? కాలు విరిగినవాణ్ణి బస్సులో ఎక్కించుకొని పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొస్తాం. కట్టిన మూడో రోజుకు నొప్పి కాస్త తగ్గుతుంది. నొప్పి తగ్గిందని ఎవడైనా కట్టు విప్పి పారేస్తాడా? విప్పితే ఊరంతా తిడుతుంది. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు అని చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. మరి ఊపిరితిత్తుల విషయంలో ఆ జ్ఞానం ఎక్కడికి పోయింది? క్షయ క్రిములు చాలా భాగం మొదటి వారాల్లోనే చస్తాయి. అందుకే రోగికి ఒళ్లు తేలికపడుతుంది. కానీ మొండివి కొన్ని దాక్కొని ఉంటాయి. వాటి కోసమే మిగతా నెలల మాత్రలు. మధ్యలో ఆపితే ఆ మిగిలినవి మళ్లీ పెరుగుతాయి, మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయి, ఇంట్లో వాళ్లకు కూడా అదే మొండి రోగాన్ని అంటిస్తాయి. ఒక్కడు మాత్రలు ఆపితే ముప్పు ఇంటిల్లిపాదికీ, ఆ బెంచీ మీద పక్కన కూర్చొని పాటలు పాడే వాళ్లందరికీ.

ఈ మాట మన ప్రాంతంలోనే చెప్పాల్సి రావడం నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఈ గడ్డ మీద క్షయ చరిత్రలో క్రైస్తవుల పేరు మంచిగా ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది కదా. 1915లో అక్కడ క్షయ రోగుల శానిటోరియం తెరిచారు. ఒక్క మిషను వల్ల అయ్యే పని కాదని పలు మిషనరీ సంఘాలు కలిసి నడిపాయి, అందుకే దానికి యూనియన్ మిషన్ అని పేరు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. ఆ రోజుల్లో క్షయను చంపే మందు లేదు. బాగా పనిచేసే తొలి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ బయటపడలేదు. అప్పటిదాకా వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, పడక మీద విశ్రాంతి. అదీ నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి. రెండు వేల అడుగులకు పైన ఉన్న ఆ పొడి నేల మీద మంచాలు వేసుకొని, బరువు ఒక్కో పౌను పెరిగిందా తగ్గిందా అని చూసుకుంటూ రోగులు ఎదురుచూశారు. డాక్టర్లు, నర్సులు కూడా వాళ్లతోనే ఎదురుచూశారు. బాగై ఇంటికి పోయినవారున్నారు. పోలేనివారూ ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఆ డాక్టర్లకు విశ్వాసం లేదా? ప్రార్థన లేదా? దేశం కాని దేశం వచ్చి, అంటుకునే రోగం మధ్య, మందు లేని కాలంలో బతుకు గడపడానికి ఎంత విశ్వాసం కావాలి? వేలూరు సీఎంసీకి మనం ఎన్నిసార్లు పోయుంటాం. 1900లో డాక్టరై తిరిగొచ్చిన ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన పని అది. 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల పెట్టింది. ఆమె ప్రార్థన చేయనిది కాదు. మన పెద్దలు ప్రార్థన చేసి ఆసుపత్రులు కట్టారు. మనం ఆసుపత్రి వదిలేయడమే ప్రార్థన అంటున్నాము. వాళ్లు కట్టిన గోడల నీడలో నిలబడి, వాళ్లకు విశ్వాసం తక్కువని తీర్పు చెప్పడానికి మనకు నోరెలా వస్తుంది?

"అయ్యగారు అద్భుతాలను నమ్మడం లేదు" అని ఇప్పటికే కొందరు అంటున్నారని నాకు తెలుసు. నేను నమ్ముతాను. దేవుడు ముట్టి బాగుచేసినవారిని నా కళ్లతో చూశాను. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేశాడు, అది నిజం. బాగుచేసిన తర్వాత అతనితో ఏం చెప్పాడు? పోయి యాజకునికి చూపించుకోమన్నాడు. ఆ కాలంలో కుష్ఠు పోయిందో లేదో పరీక్షించి చెప్పే అధికారం యాజకునిది. ఈ రోజు భాషలో చెప్పాలంటే, పరీక్ష చేయించుకొని రిపోర్టు తెచ్చుకో అన్నట్టే. ప్రభువు చేసిన స్వస్థత పరీక్షకు భయపడలేదు. స్టేజీ మీద జరిగే స్వస్థత ఎందుకు భయపడుతుంది? నిజంగా దేవుడు బాగుచేస్తే కళ్లె పరీక్షలో, ఎక్స్‌రేలో కనిపించదా? కోర్సు పూర్తి చేసినంత మాత్రాన దేవుని మహిమ తగ్గిపోతుందా?

నయమాను సంగతి చూడండి. సిరియా సైన్యాధిపతి. ప్రవక్త బయటికొచ్చి, తన మీద చెయ్యి ఆడించి, పెద్దగా ప్రార్థన చేసి ఒక్క దెబ్బలో బాగుచేస్తాడని ఎదురుచూశాడు. ఎలీషా కనీసం వాకిట్లోకి కూడా రాలేదు. పనివాని చేత, పోయి యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. అతనికి కావలసింది స్టేజీ, దేవుడు ఇచ్చింది కోర్సు. ఆరోసారి మునిగి లేచినప్పుడు ఇక చాల్లే అని గట్టెక్కి ఉంటే? ఏడోసారి కూడా అవే నీళ్లు, అదే బురద. ఆ ఏడోసారి మునగడమే విశ్వాసం.

పౌలు చేత దేవుడు ఎన్నో స్వస్థతలు చేయించాడు. అదే పౌలు, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలిపెట్టి వచ్చానని రాశాడు. తిమోతికి కడుపునొప్పి వస్తే ఉపవాసముండమని రాయలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, కృప ఇచ్చాడు. ఆయన వెంట నడిచిన లూకా వైద్యుడు. ఈ నలుగురినీ మన ఊరి కూటాలకు పిలిస్తే స్టేజీ ఎక్కనిస్తారా? విశ్వాసం చాలనివారని వెనక బెంచీలో కూర్చోబెడతారు.

ఇక అందరూ చెప్పే ఒంగోలు కథకు వస్తాను. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ప్రతి పెద్ద కూటంలో చెబుతారు. ఆ సంఖ్య చెప్పి, ఈ రాత్రి ఇక్కడ కూడా అలా జరుగుతుందని చేతులు ఎత్తిస్తారు. ఆ సంఖ్య నిజమే. దాని ముందు జరిగినది ఎందుకు చెప్పరు?

సామ్యూల్ డే ఈ దేశానికి వచ్చింది 1836లో. 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచాయి, సంఘంలో చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చొని, ఈ తెలుగు మిషను మూసేద్దామా అని చర్చించారు. లెక్కలు చూసేవాడెవడైనా మూసేయమనే అంటాడు. లైమన్ జ్యూయెట్ మాత్రం నెల్లూరు వదలలేదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. ఎంతమంది? ఐదుగురు. జ్యూయెట్ దంపతులు, మన తెలుగువాళ్లు ముగ్గురు: నర్సు, రూతు, జూలియా. ప్రార్థించిన మరునాడు ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఒంగోలుకు జాన్ క్లౌ వచ్చి స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆ పన్నెండేళ్లలో జూలియా విశ్వాసం చాల్లేదా?

ఇంకొక సంగతి. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన కరువు మన రాయలసీమ పెద్దల నోట వినే ఉంటారు. ఆ కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని, వేలమందికి పని, కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగారు. ఆయన కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. కూటి కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తేలాలని ఆపాడు. కరువు సాయం ముగిసిన తర్వాత కూడా వచ్చినవారికే ఇచ్చాడు. ఆ 2,222 మంది అలా నిలిచినవారు.

ఆకలితో ఉన్నవాడి చేత ఆయన చెయ్యి ఎత్తించలేదు. మనం రోగంతో ఉన్నవాడి చేత ఎత్తిస్తున్నాము. ఎత్తిన చేతులను ఫోటో తీసి ఫ్లెక్సీ వేస్తున్నాము. ఒంగోలు పేరు చెప్పుకొనే హక్కు మనకుందా?

మన తిరుపతి వైపు కూడా అంతే. హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన జర్మను లూథరన్లు 1865 నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట మొదలుకొని ఇటు తిరుపతి, పుత్తూరు దాకా సంఘాలు నాటారు. 1914లో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వానికి జర్మనులు శత్రువులు. దొరలను నిర్బంధించారు, వెనక్కి పంపారు. సంఘం పెద్దలు, ఉపదేశులు, బడి పంతుళ్లు మాత్రం ఇక్కడే ఉన్నారు. తర్వాత అమెరికా లూథరన్లు వచ్చి పని అందుకున్నారు, 1945లో సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి ఏర్పడింది. ఆ మధ్య కాలంలో ఆదివారం గంట కొట్టి, పది మందిని కూర్చోబెట్టి, బైబిలు తీసి చదివినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? వాళ్ల ఫ్లెక్సీ ఏ కూడలిలోనూ లేదు. మన తాతలకు బైబిలు అందింది అలాంటి చేతుల మీదుగానే.

సహనమంటే ఇది. రోజూ చేసే చిన్న పని. ఎవరూ చప్పట్లు కొట్టని పని.

మన పక్కనే అలిపిరి ఉంది. కొండకు నడిచిపోయే జనాన్ని చూస్తాం. మూడు వేల ఐదు వందలకు పైన మెట్లు. వారి నమ్మకం వేరు, మన నమ్మకం వేరు, దాని మీద వాదం నాకు వద్దు. కానీ ముసలివాళ్లు, పసిబిడ్డల తల్లులు మోకాళ్ల పర్వతం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకొని, మళ్లీ ఎక్కుతారు. మొదటి మెట్టు మీద నిలబడి పైకి చేరానని ఎవరూ సాక్ష్యం చెప్పరు. మనం మాత్రం మొదటి మెట్టు మీదే మైకు పట్టుకుంటున్నాము.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఓర్పు అనే మాటను ఇంకొక వైపు కూడా పాడుచేశాము. తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి చెప్పుకోవడానికి వచ్చిన చెల్లెళ్లతో, ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేసుకో, దేవుడే మారుస్తాడు అని చెప్పి పంపేసిన కాపరులం ఉన్నాము. అది క్రైస్తవ ఓర్పు కాదు. మన పిరికితనానికి ఆమె వీపు అడ్డం పెట్టడం. ఒళ్లు మండే జ్వరానికి మందు వేసుకోవడం ఎలా తప్పు కాదో, దెబ్బలు తినే ఇంటి నుంచి బయటికొచ్చి పుట్టింట్లోనో, సంఘంలోనో, పోలీసు స్టేషనులోనో ఆసరా అడగడం అలాగే తప్పు కాదు. ఓర్పుగల విధవరాలని ప్రభువు ఎవరిని చూపించాడు? ఇంట్లో మూల కూర్చొని ఏడ్చినామెను కాదు. న్యాయాధిపతి గుమ్మం వదలకుండా, న్యాయం తీర్చమని మళ్లీ మళ్లీ పోయినామెను. చెడును భరించడం వేరు, మంచిని వదలకుండా పట్టుకోవడం వేరు. రెండోదే సహనం.

"మీకు అసూయ అయ్యగారూ. ఆయన కూటానికి వేలమంది వస్తారు, మీ గుడిలో అరవై మందే." ఈ మాట కూడా నా చెవిన పడింది. అసూయ లేదని ప్రమాణం చేయలేను. నేనూ మనిషినే. ఆ జనాన్ని చూసి నా మనసు కలుక్కుమన్న రోజులున్నాయి. కానీ నా అసూయ వల్ల ఆ అబ్బాయి ఊపిరితిత్తులకు పట్టిన రోగం అబద్ధం కాదు కదా. వేలమందిలో ఒక్కడు రక్తం కక్కిన రోజు ఆ వక్త ఇంకో జిల్లాలో ఇంకో స్టేజీ మీద ఉన్నాడు. రాత్రి పది గంటలకు మోటారు సైకిలు మీద ఆసుపత్రికి తీసుకుపోయింది ఈ అరవై మందిలో ఒకరు. కాపరికీ కూటాల వక్తకూ తేడా అదే. మేము మరుసటి ఆదివారం కూడా వాళ్ల ముఖాలు చూడాలి.

అందుకని మన సంఘ పెద్దలతో కూర్చొని కొన్ని తీర్మానాలు చేశాము. అందరూ తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

ఇకమీదట మన గుడిలో మందులు మానేశానని ఎవరూ సాక్ష్యం చెప్పరు. స్వస్థత సాక్ష్యం చెప్పాలనుకుంటే సంతోషం, డాక్టరు మాట తెచ్చుకొని చెప్పండి. అది క్షయ కావచ్చు, బీపీ, షుగరు కావచ్చు, మూర్ఛలు, మానసిక జబ్బు కావచ్చు. ముఖ్యంగా మానసిక జబ్బును దయ్యమని చెప్పి మాత్రలు ఆపించడం ఈ గుడిలో జరగనివ్వను.

మన గోడ మీద ఏ కూటం ఫ్లెక్సీ కట్టాలన్నా, మందులు ఆపవద్దని స్టేజీ మీద నుంచి చెబుతామని నిర్వాహకులు మాట ఇవ్వాలి. మాట ఇవ్వనివారికి మన గోడ లేదు, మన ఆటోలు రావు.

క్షయ మందులు వాడుతున్న ప్రతి ఒక్కరికీ సంఘంలో ఇద్దరిని తోడు పెడుతున్నాము. సాయంత్రం ఒకరు పోయి, మాత్ర మింగారా అని అడిగి, ఐదు నిమిషాలు ప్రార్థన చేసి వస్తారు. మాత్ర, ప్రార్థన ఒకే వేళకు. చికిత్స సాగినన్నాళ్లు పోషణ కోసం ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2018లో 500తో మొదలైన సాయం, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. రానివారు ఆశా కార్యకర్తను అడగండి, మన యువకులు పత్రాలు చూసిపెడతారు. పైన కోడిగుడ్లు, శనగ పప్పు సంఘం ఇస్తుంది. దశమభాగంలో దీనికంటే మంచి ఖర్చు నాకు తెలియదు.

గల్ఫులో, బెంగళూరులో ఉన్న బిడ్డలారా, మీకూ ఒక మాట. ఇంటికి ఫోను చేసినప్పుడు, కూటానికి పోయారా అని అడిగేటంత శ్రద్ధగా, మాత్రలు అయిపోకముందే తెచ్చుకున్నారా అని కూడా అడగండి. రెండూ భక్తే.

చివరిగా ఆ తల్లితో.

అమ్మా, బిడ్డకు మళ్లీ రోగం రావడం నీ విశ్వాసానికి శిక్ష కాదు. మధ్యలో మందు ఆగినందువల్ల వచ్చింది. ఆపమన్నవారు వేరు, చప్పట్లు కొట్టించినవాణ్ణి నేను. నిన్ను నేను క్షమాపణ అడిగాను, సంఘం ముందు ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. నీ విశ్వాసం ఎక్కడుందో నేను చూశాను. మాత్రలు పడక వాంతి చేసుకున్న బిడ్డ ముఖం కడిగి, గంట ఆగి, గంజి తాగించి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ మందు చేతిలో పెడుతున్నావు. పొద్దున్నే కూలికి పోయి, సాయంత్రం రాగానే బిడ్డ మందుల డబ్బా తెరిచి లెక్కపెడుతున్నావు. ఆదివారం మాస్కు వేయించి కిటికీ పక్కన కూర్చోబెట్టి, నువ్వు కూడా పక్కనే కూర్చుంటున్నావు. హెబ్రీయులకు రాసిన పత్రికలో ఓపికతో పరుగెత్తమని చెప్పింది ఇటువంటి పరుగునే. ఈ సంఘంలో విశ్వాసమంటే ఏమిటో తెలియనివారు ఎవరైనా ఉంటే, నా ప్రసంగం వినక్కరలేదు, నీ ఇంటికొచ్చి ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

మొన్న ఆ అబ్బాయి నన్ను అడిగాడు. "అయ్యగారూ, ఇంకా ఎన్ని నెలలు మింగాల్నో. బాగయినాక సాక్ష్యం చెప్పనిస్తారా?"

బాగయ్యేదాకా ఎందుకు నాయనా? వచ్చే ఆదివారమే చెప్పు. ఈ వారం ఒక్క రోజు కూడా తప్పకుండా మింగానని చెప్పు. ఆ పైవారం మళ్లీ చెప్పు. ఈసారి చప్పట్లు ఆ మాటకే కొడతాం.

ప్రభువా, త్వరగా మొలిచి మాడిపోయే విశ్వాసం నుంచి మమ్మును తప్పించుము. నీ బిడ్డల బలహీనతను మా పేరు కోసం వాడుకున్న పాపం మాకు క్షమించుము. మాత్ర మింగే చేతికి, మింగించే చేతికి, రాసిచ్చే చేతికి బలమిమ్ము. ఏడోసారి మునిగేదాకా మమ్మును నీళ్లలో నిలబెట్టుము. ఆమేన్.